ఉత్పాదకత, నవకల్పన – జీవన ప్రమాణం

పోటీ పరీక్షల ప్రత్యేకం: ఆర్థిక వ్యవస్థ

ఉత్పాదకత: వచ్చిన ఉత్పత్తికి, అందుకు వాడిన శ్రమ, పెట్టుబడి, ముడిసరుకుకు మధ్య గల నిష్పత్తి. నవకల్పన: కొత్త యంత్రాన్ని లేదా పద్ధతిని వాడుకలోకి తేవడం. అదే శ్రమతో ఎక్కువ ఉత్పత్తి వస్తేనే వేతనాలు, తలసరి ఆదాయం నిలకడగా పెరుగుతాయి.

స్థానిక ఉదాహరణలు
- జనగామ పొరుగునే ఉన్న ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం 1999లో లక్ష్మీ ఆసు యంత్రం రూపొందించారు. చీరకు నాలుగైదు గంటలు పట్టే ఆసు పోత (నేతకు ముందు నూలును చేత్తో చుట్టడం) సుమారు గంటన్నరకు తగ్గింది. నేత ఇళ్లలో ఆడవాళ్ల భుజాల నొప్పి తీరింది. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది.
- జనగామ జిల్లా పెంబర్తి లోహ కళకు భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది. నైపుణ్యమే ఇత్తడికి విలువ పెంచింది.
- భూపాలపల్లి: సింగరేణి బొగ్గు, చెల్పూరు కాకతీయ థర్మల్ కేంద్రం (500+600 మెగావాట్లు). బొగ్గు విద్యుత్తుగా మారితే దాని విలువ పెరుగుతుంది.
- మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో ఇనుప ఖనిజం ఉంది. ఖనిజం ఉక్కుగా మారితేనే స్థానికంగా ఉపాధి, ఆదాయం పెరుగుతాయి.

గుర్తుంచుకోండి
- జనగామ, భూపాలపల్లి, మహబూబాబాద్ జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి.
- జాతీయ ఉత్పాదకతా మండలి: 1958.
- మానవాభివృద్ధి సూచిక: 1990, యూఎన్‌డీపీ. ఇందులో జీవన ప్రమాణానికి కొలమానం తలసరి స్థూల జాతీయ ఆదాయం.
- వృద్ధి సిద్ధాంతానికి నోబెల్: రాబర్ట్ సోలో (1987). నవకల్పన ఆధారిత వృద్ధికి: మోకిర్, అఘియాన్, హోవిట్ (2025).

మాదిరి ప్రశ్న: ప్రపంచ నవకల్పన సూచికను ప్రచురించే సంస్థ ఏది?
జవాబు: ప్రపంచ మేధో సంపత్తి సంస్థ (వైపో).