సన్నదనమును తెలిపెడి సమాసములు

మన గృహములందును, దేవాలయములందును నిత్యము పఠింపబడు స్తోత్రములలో, పురాణములలో సన్నదనమును తెలిపెడి విశేషణములు పెక్కు గలవు. కృశ, తను, క్షామ, సూక్ష్మ అను శబ్దములు వానికి మూలములు. ఇవి ఒంటరిగా నిలుచునది తక్కువ. సాధారణముగా మరియొక పదముతో గూడి సమాసములై కన్పట్టును. అట్టి సమాసమును సరిగా విడదీయనిచో అర్థము తలక్రిందులగును. అర్థము తప్పినచో ఆచారము కూడ దారి తప్పవచ్చును. కావున వీనిని గూర్చి కొంత విచారించుట భక్తులకు ప్రయోజనకరము.

మొదట ‘తను’ శబ్దమును పరిశీలింతము. తెలుగులో తనువనగా శరీరము. సంస్కృతమున ఈ శబ్దమునకు శరీరమను అర్థముతోపాటు సన్ననిది అను అర్థము కూడ గలదు. ‘తనుమధ్య’ అను పదమును శరీర మధ్యభాగమని విప్పుట పొరపాటు. సన్నని నడుము గలది అని దానికి అర్థము. ఇది బహువ్రీహి సమాసము. ఇందు రెండు పదములును తమకంటె వేరైన మూడవ వస్తువును చెప్పును. పాదమునకు ఆరేసి అక్షరములు గల ఒక సంస్కృత వృత్తమునకును ఇదే పేరు. మన ప్రబంధములలో తరచుగా కనబడు ‘తలోదరి’ శబ్దమును ఇట్టిదే. అరచేతివలె చదునైన ఉదరము గలది అని దాని భావము. ఈ సమాసములన్నియు రూపమును వర్ణించునవి. ఇందలి సన్నదనము సౌందర్యము.

సన్నదనము ఏ కారణమున కలిగినదో తెలుపు సమాసములు వేరొక తెగకు చెందినవి. సుందరకాండ పదునైదవ సర్గలో హనుమంతుడు అశోకవనమున సీతామాతను తొలిసారి దర్శించును. అచ్చట వాల్మీకి మహర్షి ఆమెను ‘ఉపవాసకృశ’ అని వర్ణించెను. ఉపవాసము చేత కృశించినది అని విగ్రహవాక్యము. ఇది తృతీయా తత్పురుషము. అంతటితో నిలువక మహర్షి ఆమెను శుక్లపక్షారంభమునందలి చంద్రరేఖతో పోల్చెను. ఇచ్చట గమనింపదగిన విశేషమొకటి గలదు. చంద్రరేఖ సన్నగా కనబడుట ఉభయ పక్షములందును గలదు. కృష్ణపక్షాంతమునందలి రేఖ క్షీణించునది. శుక్లపక్షారంభమునందలి రేఖ పెరుగునది. కవి రెండవదానినే గ్రహించెను. సీతాదేవి కార్శ్యము రాబోవు నిండుదనమునకు పూర్వరూపమని ఈ ఒక్క ఉపమానము చేతనే పాఠకునకు స్ఫురించును.

ఉపవాస శబ్దమునకు సమీపమున వసించుట అని పెద్దలు చెప్పు అర్థము మనకు తెలిసినదే. ఆ దృష్టితో చూచినచో, దేహము లంకలో నుండినను మనస్సు సర్వదా శ్రీరాముని చెంతనే వసించుట వలన కృశించినదను భావము కూడ ఆ సమాసమునుండి మనము గ్రహింపవచ్చును. వాచ్యార్థమొకటి, అంతరార్థమొకటి, రెండును ఒక్క మాటలో ఇమిడి యున్నవి.

దీనితో పోల్చి చూడవలసినది శ్రీమద్భాగవత దశమస్కంధములోని కుచేలోపాఖ్యానము. అచ్చట కుచేలుని భార్యను వ్యాసభగవానుడు ‘క్షుత్‌క్షామ’ అనెను. ఆకలి చేత చిక్కినది అని అర్థము. ఇదియు తృతీయా తత్పురుషమే. వ్యాకరణమున ఈ సమాసమునకును ఉపవాసకృశకును భేదము లేదు. శరీరమును చూచినచో ఇరువురును కృశించినవారే. భేదమంతయు పూర్వపదమునందే గలదు. ఒకరు అన్నమును విడిచిరి. మరియొకరికి అన్నము లభింపలేదు. మొదటిది వ్రతనిష్ఠవలె పూజనీయము. రెండవది తీర్పవలసిన బాధ.

ఇక కుచేలుని విషయము. ఆయనను వర్ణించుచు భాగవతము ‘ధమనీసంతత’ అను విశేషణమును ప్రయోగించినది. నరములు శరీరమంతటను అల్లుకొని పైకి కనబడుచున్నవాడని భావము. ఈ సమాసమున సన్నదనమును చెప్పు పదమే లేదు. అయినను ఎముకలగూడువంటి ఆ దేహము కన్నులకు గట్టును. అట్టివానిని శ్రీకృష్ణుడు కౌగిలించుకొని, శయ్యపై కూర్చుండబెట్టి, పాదములు కడిగెను. సాక్షాత్తు రుక్మిణీదేవి వింజామర వీచెను. లోకము నరములను చూచినది. భగవానుడు భక్తుని చూచెను.

సన్నదనమునకు కొలతను చెప్పు ప్రయోగములు మూడవ తెగ. వైష్ణవాలయములలో అభిషేక సమయమున పఠింపబడు పంచసూక్తములలో నారాయణసూక్తమొకటి. తైత్తిరీయారణ్యకమునకు చెందిన ఈ సూక్తము హృదయమధ్యమున వెలుగు అగ్నిశిఖను నివ్వరి ధాన్యపు ముల్లుతో పోల్చినది. నివ్వరి విత్తకయే మొలచు వరి; మునుల ఆహారము. దాని గింజ చివరనుండు ముల్లు మిక్కిలి సన్ననిది, పచ్చని కాంతి గలది. అట్టి శిఖ మధ్యమున పరమాత్మ నెలకొనియున్నాడని సూక్తము బోధించుచున్నది. ఇచ్చటి సన్నదనము లేమిని తెలుపదు. ఇంద్రియములకు అందని సూక్ష్మతను తెలుపును. కఠోపనిషత్తు ఆత్మమార్గమును కత్తి అంచుతో పోల్చుటయు ఇట్టిదే.

మన వాడుకలోను ఇట్టి ఉపచార ప్రయోగములు లేకపోలేదు. కొద్దిపాటి తేడాను ‘వెంట్రుకవాసి’ అందుము. ఒక హెక్టారుకు లోబడిన భూమి గలవానిని ‘సన్నకారు రైతు’ అని ప్రభుత్వము వ్యవహరించుచున్నది. ఇందు సన్ననిది అతని దేహము గాదు, కమతము.

అన్నిటికంటె సాధకునకు ముఖ్యమైన లాక్షణిక ప్రయోగము పతంజలి యోగసూత్రములలో గలదు. రెండవ పాదమున క్రియాయోగ ప్రయోజనమును చెప్పుచు మహర్షి ‘క్లేశతనూకరణ’మను సమాసమును వాడెను. తనూకరణమనగా సన్నగిలజేయుట. అవిద్య, అస్మిత, రాగము, ద్వేషము, అభినివేశము అను ఐదు క్లేశములను పలుచన చేయుటయే తపస్సు ఫలమని తాత్పర్యము. ఇచ్చట తను శబ్దమునకు దేహమని అర్థము చెప్పుకొన్నచో సూత్రమే చెడును. చిక్కవలసినది దేహము గాదు, అహంకార మమకారములు.

ఈ వివేకము లేనివారిని గూర్చి శ్రీకృష్ణభగవానుడు గీత పదునేడవ అధ్యాయమున కఠినముగా పలికెను. శాస్త్రవిహితము గాని ఘోరతపస్సు చేత దేహమునందలి భూతసముదాయమును, అంతర్యామియగు తననుకూడ కృశింపజేయువారు ఆసుర నిశ్చయము గలవారని ఆ స్వామి హెచ్చరించెను. ఆరవ అధ్యాయమున, మితిమీరి తినువానికిని, బొత్తిగా తిననివానికిని యోగము సిద్ధింపదని చెప్పెను. ఏకాదశి వ్రతము మనకు పరమపవిత్రము. అయినను వృద్ధులను, రోగులను, గర్భిణులను నిరాహారముగా నుండుమని నిర్బంధించుట భక్తి గాదు. ఉపవాసదినమున దేహము కొంత డస్సి, కోపము మాత్రము పెరిగినచో తనూకరణము దేనికి జరిగినదో మనమే ఆలోచించుకొనవలెను.

అటులనే వాకిట నిలిచిన క్షుత్‌క్షామునకు ఉపవాస మహిమను బోధించుట తగదు. అతనికి తగిన ధర్మబోధ పిడికెడు అన్నమే. తిరుమలలో 1985వ సంవత్సరమున నిత్యాన్నదానము ఒక పథకముగా ఆరంభమైనది. స్వామి దర్శనమునకు వచ్చినవారు ఆకలితో మరలరాదను భావమే అందు కన్పట్టును.

కడపట శ్రీవిష్ణుసహస్రనామములను స్మరింతము. అందు స్వామికి ‘కృశః’ అను నామమును, ‘స్థూలః’ అను నామమును ప్రక్కప్రక్కనే గలవు. శ్రీపరాశరభట్టరువారు తమ భాష్యమున కృశనామమును అత్యంత లఘుత్వమునకు అన్వయించిరి. సన్ననివాడును ఆయనయే, పెద్దవాడును ఆయనయే యైనపుడు కృశించిన దేహమును చూచి చులకన చేయుటకు గాని, గర్వించుటకు గాని తావెక్కడ?

కనుక పాఠకులు ఇట్టి సమాసము తారసిల్లినపుడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. సన్ననిది ఏది? దేనివలన సన్ననైనది? ఎంత సన్ననిది? ఈ మూటికిని సమాధానము తెలిసినచో పదము బోధపడును. పిమ్మట అవే ప్రశ్నలను తమ హృదయమును గూర్చియు వేసికొందురు గాక. అచ్చట అహంకారము సన్నగిలిన కొలదియు నివ్వరి ముల్లువంటి ఆ జ్యోతి స్పష్టముగా గోచరించును.