సరస్సుల అడుగున వర్షముల చరిత్ర

మన దేశమున ఏ యూర ఎంత వాన కురిసినదో వరుసగా లెక్క వ్రాసి యుంచుట ఇటీవలి పని. భారత వాతావరణ శాఖ 1875 లో ఏర్పడినది. అంతకు పూర్వము అక్కడక్కడ కొన్ని కొలతలున్నను అవి ఎక్కువ దూరము వెనుకకు పోవు. నాలుగువేల యేండ్ల నాడు ఋతుపవనములు ఎట్లుండెడివను ప్రశ్నకు శాసనములు గాని, గ్రంథములు గాని చాలవు. సరస్సు అడుగున పేరుకొనిన బురద ఆ ప్రశ్నకు కొంత సమాధానము చెప్పగలదు. అది ఎట్లు చెప్పునో, దాని మాటను ఎంతవరకు నమ్మవచ్చునో మేము ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

సూక్ష్మ సాక్షులు

వర్షకాలమున వాగులు సరస్సులోనికి ఒండ్రును తెచ్చును. గాలి పుప్పొడిని తెచ్చును. నీటిలో పుట్టి గిట్టిన జీవుల పెంకులు అడుగునకు దిగును. ఇట్లు పొరపై పొర పేరుకొనును. కదలిక లేనిచోట క్రింది పొర పాతది, పై పొర క్రొత్తది. ఈ పొరలలో కంటికి కానరాక నిలిచియున్న అవశేషములే సూక్ష్మశిలాజములు. వీనిలో మూడింటిని ముఖ్యముగా చెప్పుకొందము.

మొదటిది పుప్పొడి. పుప్పొడి రేణువులు చాలవరకు మిల్లీమీటరులో నూరవ వంతు మొదలు పదవ వంతు వరకుండును. రేణువు పైతొడుగు స్పోరోపొలెనిన్ అను మిక్కిలి గట్టి పదార్థముతో ఏర్పడినది. గాలి సోకని బురదలో అది వేల సంవత్సరములు చెడక నిలుచును. తొడుగుపై గల రంధ్రములు, గాళ్ళు, ముళ్ళు చూచి మొక్క ఏ కుటుంబమునకు చెందినదో గుర్తింపవచ్చును. ఒక పొరలో తుంగ, జమ్ము మున్నగు వాని పుప్పొడి హెచ్చినచో ఆ కాలమున తడినేలలు విస్తరించి యుండెననియు, చవిటినేలల మొక్కల పుప్పొడి హెచ్చినచో పొడి కాలము వచ్చెననియు ఊహింతురు.

రెండవది డయాటము. ఇది ఏకకణ శైవలము. దీని కవచము సిలికాతో ఏర్పడును. కొన్ని జాతులు మంచినీట, కొన్ని ఉప్పునీట పెరుగును. కావున ఏ జాతి యున్నదో చూచి నీటి ఉప్పదనమును అంచనా వేయుదురు. మూడవది ఆస్ట్రకాడు, రెండు సున్నపు చిప్పల నడుమ జీవించు చిన్న జీవి. సరస్సు నీరు ఆవిరియగునపుడు తేలిక ఆక్సిజన్ గల నీరు ముందుగా పోయి, బరువైన ఆక్సిజన్ గల నీరు వెనుక మిగులును. అట్టి నీటిలో పెరిగిన ఆస్ట్రకాడు చిప్పలోను, నత్తగుల్లలోను ఆ నిష్పత్తి నిలిచిపోవును.

పరీక్షించు విధము

సరస్సు అడుగులోనికి గొట్టమును నిలువుగా దింపి బురదను చెదరకుండ పైకి తీయుదురు. దానిని సెంటీమీటరు వంతున భాగించి వేరువేరుగా పరీక్షింతురు. పుప్పొడి కావలెనన్న సున్నమును హైడ్రోక్లోరిక్ ఆమ్లముతోను, ఇసుకను, బంకమన్నును హైడ్రోఫ్లోరిక్ ఆమ్లముతోను కరగింతురు. ఈ రెండవ ఆమ్లము మిక్కిలి ప్రమాదకరము. సామాన్య ప్రయోగశాలలో వాడరాదు. డయాటములు సిలికాతో ఏర్పడినవి గనుక ఆ ఆమ్లము వానిని కూడ కరగించివేయును. ఒక సాక్షిని బయటకు తెచ్చు పద్ధతి మరియొక సాక్షిని నశింపజేయును! అందుచే ఒకే పొరను పలు భాగములు చేసి, ఒక్కొక్క భాగమును ఒక్కొక్క తీరున శుద్ధి చేయుదురు.

తరువాతి పని సూక్ష్మదర్శిని క్రింద లెక్కించుట. ఒక్కొక్క పొరలో కొన్ని వందల రేణువులను గుర్తించి, ఏ కుటుంబమువి నూటికెన్నియో తేల్చి పటము గీయుదురు. 1916 లో స్వీడన్ దేశీయుడు లెనార్ట్ ఫాన్ పోస్ట్ ఇట్టి పటములను ప్రదర్శించుటతో ఈ విద్యకు పునాది పడినది. మన దేశమున ప్రాచీన వృక్షశాస్త్రమునకై బీర్బల్ సాహ్నీ 1946 లో లక్నోలో నెలకొల్పిన సంస్థ ఈ విద్యకు ముఖ్య కేంద్రమైనది. పొరల వయస్సు తేల్చుటకు రేడియోకార్బన్ పద్ధతి కలదు. కార్బన్-14 సుమారు 5,730 యేండ్లకు సగమగును. ఈ పద్ధతిని కనుగొనిన విల్లర్డ్ లిబ్బీకి 1960 లో నోబెల్ బహుమతి లభించినది.

రాజస్థాన్ సరస్సుల వ్యాజ్యము

ఈ సాక్ష్యమును ఎంత జాగ్రత్తగా వినవలెనో రాజస్థాన్ ఉప్పు సరస్సుల ఉదాహరణము తెలుపును. గురుదీప్ సింగ్, ఆయన సహచరులు సాంభర్, దీద్వానా, లూణ్‌కరణ్‌సర్ సరస్సుల పుప్పొడిని పరిశీలించిరి. క్రీ.పూ. 3000 ప్రాంతమున అచ్చట వర్షములు హెచ్చినవనియు, క్రీ.పూ. 1800 ప్రాంతము నుండి తగ్గినవనియు, హరప్పా నగరముల అభ్యుదయ పతనములకు ఇవియే కారణములై యుండవచ్చుననియు సింగ్ 1971 లో ప్రతిపాదించెను. ఆ ప్రతిపాదన ఎందరినో ఆకర్షించినది.

1999 లో ఎంజెల్ ప్రభృతులు లూణ్‌కరణ్‌సర్ పొరలను మరల పరిశీలించిరి. ఆ సరస్సు రేడియోకార్బన్ లెక్కన సుమారు 4,800 యేండ్ల క్రిందటనే ఎండిపోయినదని వారు తేల్చిరి. రేడియోకార్బన్ యేండ్లు పంచాంగపు యేండ్లతో సరిగా ఏకీభవింపవు. సవరించిన యెడల అది ఇంచుమించు 5,500 సంవత్సరములగును. హరప్పా మహానగరములు వర్ధిల్లినది సుమారు క్రీ.పూ. 2600 నుండి 1900 వరకు. అనగా సరస్సు ఎండిన దాదాపు వేయి సంవత్సరముల తరువాత, పొడినేలపైననే ఆ నాగరికత వర్ధిల్లినదన్న మాట! వాన ఒక్కటియే నగరములను పెంచినదన్న వాదము నిలువలేదు.

అంతటితో వ్యాజ్యము ముగియలేదు. 2014 లో యమా దీక్షిత్, హోడెల్, పెట్రీ హర్యానాలోని కోట్లా దహర్ అను పాత సరస్సు నుండి తీసిన నత్తగుల్లల ఆక్సిజన్‌ను పరీక్షించి, సుమారు 4,100 యేండ్ల క్రిందట వేసవి ఋతుపవనములు అకస్మాత్తుగా బలహీనపడినవని చూపిరి. ఈ కాలము నగరముల క్షీణతకు కొంచెము ముందుగా వచ్చుచున్నది. అయినను కరవు వచ్చినది గనుక నగరములు కూలినవని ఒక్క వాక్యమున తీర్పు చెప్పరాదు. నదుల మార్పులు, పంటల మార్పులు, ప్రజలు తూర్పునకు తరలుట, ఇవన్నియు విచారింపదగినవే.

ఈ సాక్షుల లోపములను కూడ మరువరాదు. దేవదారు జాతి చెట్ల పుప్పొడి గాలిలో బహుదూరము పోవును. కీటకములపై ఆధారపడు పూల పుప్పొడి సరస్సును అరుదుగా చేరును. గడ్డి కుటుంబపు రేణువులన్నియు ఒకే పోలిక. పెద్ద రేణువు కనబడగానే అది పండించిన ధాన్యమని అనరాదు; కొన్ని అడవి గడ్డులకును అట్టి రేణువులు కలవు. బురద అబద్ధమాడదు, తొందరపడి చదువువాడు పొరపడును.

మనము చేయదగినది

మన యెదుటనే ఇట్టి గ్రంథములు చెడుచున్నవి. సరస్సు అడుగును త్రవ్వి గట్లు పోసినచోట, మట్టిని తరలించినచోట పొరల క్రమము చెదరును. నీటిని మరల నింపవచ్చును గాని, చెదరిన పొరలను మరల పేర్చలేము. కొల్లేరు వంటి సరస్సులను కాపాడవలెననుటకు పక్షులు, చేపలతోబాటు ఇదియు ఒక కారణము.

ప్రాచీన పుప్పొడిని గుర్తింపవలెనన్న నేటి మొక్కల పుప్పొడి నమూనాలు చేత నుండవలెను. దీనికి ఆమ్లములు అక్కరలేదు. కేసరమును గాజుపలకపై దులిపి, రంగు కలిపిన గ్లిజరిన్ జెల్లీ నుంచి మూతపెట్టిన చాలును. మన కళాశాల ఆవరణలోని చెట్లతోనే ఆరంభింపవచ్చును. ఒక్కొక్క పలకపై వేప–నీమ్, చింత–ఇమ్లీ, తుమ్మ–బబూల్ అని ఇరుభాషల పేర్లను వ్రాసినచో తెలుగు విద్యార్థులును, ఉర్దూ విద్యార్థులును కలసి ఈ భాండారమును నింపగలరు. ఇందులకు ఒక సూక్ష్మదర్శినిని, ఒక బీరువాను కేటాయింపవలసినదిగా కళాశాల సంఘము వారిని సవినయముగా కోరుచున్నాము. రానున్న వేసవిలో వేప పూచినపుడు మొదటి పలకను సిద్ధము చేయుదము.