పాస్‌బుక్కులో చుక్క తర్వాత ఏముంది? గుంటలు, వాటాలపై తరచూ అడిగే ప్రశ్నలు

రఘునాథపల్లి 2016 దాకా వరంగల్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది. జిల్లా మారినా భూమి లెక్క మారలేదు. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. ఈ నలభైని మరిచి కాలిక్యులేటర్ నొక్కితే ఎవరో ఒకరి భూమి కాగితం మీదే తరిగిపోతుంది. ఎక్కువగా నష్టపోయేది లెక్క అడగడానికి మొహమాటపడే ఆడబిడ్డలు, ముసలి తల్లులు. అందుకే ఈ జవాబులు.

ప్ర: నా పాస్‌బుక్కులో 2.20 అని ఉంది. అంటే 2.2 ఎకరాలేనా?

కాదు. చుక్కకు ముందు ఎకరాలు, తర్వాత గుంటలు. మీకున్నది 2 ఎకరాల 20 గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. దశాంశంలో రాస్తే 2.5. చుక్క తర్వాత నాలుగు అంకెలుంటే మొదటి రెండు గుంటలు, చివరి రెండు గుంటలో భాగం. 2.2050 అంటే 2 ఎకరాల ఇరవైన్నర గుంటలు.

ప్ర: గుంటలను దశాంశంలోకి ఎట్లా మార్చాలి?

40తో భాగించండి, లేదా 0.025తో గుణించండి. 5 గుంటలు 0.125, 10 గుంటలు 0.25, 30 గుంటలు 0.75 ఎకరం. మళ్లీ గుంటలు కావాలంటే 40తో గుణించాలి. 0.6 ఎకరం అంటే 24 గుంటలు.

ప్ర: రెండు సర్వే నంబర్లలో 1.25 చొప్పున ఉంది. మొత్తం 2.50 కదా?

కాదు, 3.10. పాతిక, పాతిక కలిస్తే 50 గుంటలు. అందులో 40 ఒక ఎకరమైపోగా 10 మిగులుతాయి. పాస్‌బుక్కు లెక్కలో చుక్క తర్వాత 40 గానీ అంతకు మించి గానీ గుంటలు కనబడితే ఎక్కడో కూడిక తప్పిందన్నమాటే.

ప్ర: 2.38 భూమికి రైతు భరోసా ఎంత రావాలి?

తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే ఈ సాగు సాయం 2025 జనవరి 26 నుంచి ఎకరానికి ఏడాదికి 12,000 రూపాయలు, అంటే సీజన్‌కు 6,000. 38 గుంటలు 0.95 ఎకరం. అంతా సాగుభూమే అయితే 2.95ను 6,000తో గుణిస్తే 17,700 వస్తుంది. 2.38తోనే గుణిస్తే 14,280 చూపిస్తుంది. తేడా 3,420 రూపాయలు. గుంటకు 150 అని గుర్తుంచుకుంటే నోటితోనే లెక్క తేలుతుంది.

ప్ర: నాన్న పోయారు. 3.20 భూమి ఉంది. అమ్మ, ఇద్దరు అన్నదమ్ములం, పెళ్లయిన చెల్లె. ఎవరికెంత?

ముందు ఆ భూమి ఎట్లా వచ్చిందో చూడాలి. మీది హిందూ కుటుంబమై, భూమి నాన్న స్వార్జితమై, ఆయన వీలునామా రాయకపోతే, 1956 వారసత్వ చట్టం ప్రకారం భార్యకూ పిల్లలందరికీ సమాన వాటాలు. నాన్నను కన్న తల్లి బతికుంటే ఆమెకూ ఒక వాటా ఉంటుంది. ఆమె లేరనుకుంటే నలుగురు. 3.20 అంటే 140 గుంటలు; వాటిని 0.25తో గుణిస్తే తలా 35 గుంటలు. 3.20ని అట్లాగే నాలుగుతో భాగిస్తే 0.80 వస్తుంది. ఎకరంలో 80 గుంటలు ఎక్కడివి?

పిత్రార్జితమైతే లెక్క వేరు. 2005 సెప్టెంబర్ 9 నుంచి అమల్లో ఉన్న సవరణతో కూతురికి పుట్టుకతోనే కొడుకుతో సమాన హక్కు వచ్చింది. పెళ్లయినా ఆ హక్కు పోదు. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాల్సిన అవసరం లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చింది. ఇక్కడ మొదట నాన్నకూ ముగ్గురు పిల్లలకూ తలా 0.25. తర్వాత నాన్న 0.25 మళ్లీ నాలుగు ముక్కలై, అమ్మకూ పిల్లలకూ తలా 0.0625 వస్తుంది. పిల్లల్లో ఒక్కొక్కరికి మొత్తం 0.3125, అంటే 43.75 గుంటలు. అమ్మకు 8.75 గుంటలే. స్వార్జితమైతే 35 వచ్చే తల్లికి ఇక్కడ తొమ్మిది గుంటలు కూడా రావు. అందుకే విరాసత్ (వారసత్వ బదిలీ) కాగితం మీద సంతకం చేసే ముందు భూమి ఏ రకమో అడగండి. మీ పాత పత్రాలు ఒకసారి న్యాయవాదికి చూపించండి.

ప్ర: ముస్లిం, క్రైస్తవ కుటుంబాల్లో?

పిల్లలున్న ముస్లిం భార్యకు 0.125 వాటా, అంటే 140లో 17.5 గుంటలు. మిగతా దాంట్లో కొడుక్కి కూతురికన్నా రెట్టింపు. ఇద్దరు కొడుకులు, ఒక కూతురుంటే కొడుకులకు 49 చొప్పున, కూతురికి 24.5 గుంటలు. క్రైస్తవుల్లో పిల్లలుంటే భార్యకు మూడో వంతు, మిగతాది పిల్లలందరికీ సమానం.

ప్ర: 2.20ని ముగ్గురికి పంచితే 33.33 దగ్గర ఆగట్లేదు.

2.20 అంటే 100 గుంటలు. మూడు 33.33లు కలిపితే 99.99. ఆ 0.01 గుంట అంటే గజం పైచిలుకు. ఇద్దరికి 33.33, ఒకరికి 33.34 అని ఒప్పంద పత్రంలోనే రాసుకోండి. గొడవలు గట్టు దగ్గర మొదలయ్యేది ఈ గజంతోనే. దశాంశాలను మధ్యలో కుదించకండి, కుదించేది చివర్లో ఒక్కసారే.

ప్ర: ఆంధ్రలో మా చుట్టాల పత్రంలోనూ 2.20 అనే ఉంది.

అక్కడ ఎకరానికి 100 సెంట్లు, కాబట్టి అది నిజంగా 2.2 ఎకరాలే. మన లెక్కలో 2 ఎకరాల 8 గుంటలు.

ప్ర: రికార్డులో విస్తీర్ణం తప్పు పడితే?

2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లో ఉన్న భూభారతి చట్టం కింద దరఖాస్తు పెట్టండి. దానికి గుంటల్లో వేసిన లెక్క జత చేయండి. దానిపై వచ్చిన ఉత్తర్వు నచ్చకపోతే పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. అందుకోసం జనగామలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు చేసుకోవాలి.