ఏది రన్ అవుతోంది?

సంక్రాంతి సెలవులకు ముందు ఒక సాయంత్రం, మా పక్కింటి నాలుగో తరగతి అమ్మాయి పరీక్ష పేపరు తెచ్చి నా ముందు పెట్టింది. కళ్ళనిండా నీళ్ళు. పాఠంలో ఒక చిల్లర కొట్టు గురించి ఉంది. ‘హూ రన్స్ ద షాప్?’ అని ప్రశ్న. ‘నో వన్ రన్స్ ఇన్ ద షాప్’ అని పిల్ల రాసింది. ఎర్ర సిరాతో కొట్టేసి సున్నా వేశారు. వెనకాలే వాళ్ళమ్మ వచ్చింది. "రన్ అంటే కూడా తెలీదా అండీ దీనికి! యూకేజీలో నేర్పిన మాట" అని ఒకటే బాధ.

ఆ జవాబులో నాకు పిల్ల పడ్డ శ్రమే ఎక్కువగా కనిపించింది. రన్ అంటే పరుగెత్తడం అని నేర్పింది మనమే. పాఠంలో ఎవరైనా పరుగెత్తారేమోనని వెతికింది, ఎవరూ లేరు, ఆ మాటే రాసింది. చేతికిచ్చిన ఒక్క అర్థంతో అంతకంటే ఏం చేయగలదు?

అమ్మలకూ నాన్నలకూ ముందుగా చెప్పాల్సింది, ఈ మాట చిన్నదే కానీ సులువైనది కాదని. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ 1989 ముద్రణలో అన్నిటికన్నా ఎక్కువ చోటు తీసుకున్న మాట ‘సెట్’. దానికి దాదాపు 430 అర్థాలు ఇచ్చారు. తర్వాత ‘రన్’ను తిరగరాసే పని పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడి చేతికి వచ్చింది. ఆ ఒక్క మాటకే ఆయనకు సుమారు తొమ్మిది నెలలు పట్టింది. 2011లో లెక్క తేలింది: క్రియగా మాత్రమే 645 అర్థాలు. జీవితమంతా మాటల మధ్య గడిపే మనిషికే తొమ్మిది నెలలు పట్టిన మాటను యూకేజీలో ఒక గీత గీసి, ఇటు ‘రన్’, అటు ‘పరుగెత్తు’ అని రాయించి ముగించేస్తున్నాం.

మన ‘పట్టు’ను తీసుకోండి. పాపకు నిద్ర పట్టిందా అంటాం. పాలు పట్టావా అంటాం. చెమట పట్టింది, తుప్పు పట్టింది, ముసురు పట్టింది, వీడు మొండిపట్టు పట్టాడు, ఊరికి వెళ్ళడానికి రెండు గంటలు పట్టింది. ఇవేవీ మనం పిల్లలకు పాఠంగా చెప్పలేదు. నిద్ర పక్కన వచ్చిన ‘పట్టు’ వేరు, తుప్పు పక్కన వచ్చింది వేరు అని నాలుగేళ్ళ పిల్లకు తెలుసు. తోడుగా ఉన్న మాటను బట్టి అర్థం పోల్చుకోవడం వాళ్ళకు పుట్టినింటి విద్య. ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి ఆ విద్యను మనమే పక్కన పెట్టించేస్తున్నాం.

ఆ సాయంత్రం నేను ఆ అమ్మాయిని అడిగింది ఒక్కటే. "కొట్టుకు కాళ్ళుంటాయా?" ఉండవంది. "మరి మీ మామయ్య కొట్టును ఏం చేస్తాడు?" "నడుపుతాడు." చెప్పీ చెప్పగానే పిల్ల ముఖం వెలిగిపోయింది. ఇంగ్లీషు పరుగెత్తించిన చోట చాలాసార్లు తెలుగు నడిపిస్తుంది. బస్సు నడుస్తుంది, బడి నడుస్తుంది, ఫ్యాక్టరీ నడుస్తుంది, సంసారాన్ని నడుపుకొస్తాం. కాళ్ళున్న జీవి నుంచి బళ్ళకు, యంత్రాలకు, వ్యాపారాలకు ఆ భాషలో పరుగు పాకినట్టే మన భాషలో నడక పాకింది. నీళ్ళ దగ్గర మాత్రం దారి మారుతుంది. నది రన్ అయితే పారుతుంది, ముక్కు రన్ అయితే కారుతుంది, ఉతికిన చొక్కా రంగు రన్ అయితే దిగిపోతుంది. ఇలా పోల్చి చూపిస్తే పిల్లలకు ఇంగ్లీషుతో పాటు తెలుగు మీదా ప్రేమ పుడుతుంది. నాకు ఆ రెండోది మరింత సంతోషం.

ఎన్నికల దగ్గర ఇంకో ముచ్చట ఉంది. పదవికి పోటీ చేసేవాళ్ళను అమెరికాలో ‘రన్’ అవుతున్నారంటారు, బ్రిటన్‌లో ‘స్టాండ్’ అవుతున్నారంటారు. మన ఊళ్ళోనూ సర్పంచి ఎన్నికల్లో నిలబడతారు కదా. ఒకే పనికి ఒకచోట పరుగు, ఇంకోచోట నిలబడటం! భోజనాల దగ్గర చెప్పుకోవడానికి బాగుంటుంది.

‘రన్’ వెనకొచ్చే బుల్లి మాటలతోనే పిల్లలకు అసలు చిక్కు. క్రికెట్‌లో రన్ అవుట్ తెలిసిన పిల్లాడికి ‘వుయ్ రాన్ అవుట్ ఆఫ్ షుగర్’ అంటే ఎవరు అవుటయ్యారో అర్థం కాదు. చక్కెర నిండుకుందని అర్థం. స్నేహితుడికి ‘రన్ ఇంటూ’ అయితే తారసపడటం, గోడకు అయితే గుద్దుకోవడం. వీటిని పట్టిక వేసి బట్టీ పట్టించవద్దని మరీ మరీ వేడుకుంటున్నాను. ఇంట్లో చక్కెర నిండుకున్న రోజున ఆ వాక్యాన్ని ఒకసారి అనండి చాలు. డబ్బా అడుగున గరిటె గీసుకున్న చప్పుడుతో సహా గుర్తుండిపోతుంది.

మాకు ఇంగ్లీషు అంతగా రాదని కొందరు తల్లులు వెనకాడతారు. మీ నోట రోజూ ఆడే మాటలే చూడండి. రన్నింగ్ బస్సు ఎక్కొద్దంటారు, కాలేజీలో రన్నింగ్ నోట్స్ రాసుకున్నామంటారు, ఆ సినిమా వంద రోజులు రన్ అయిందంటారు. మూడు చోట్లా మూడు రకాలుగా సరిగ్గానే వాడుతున్నారు. ఆ వాక్యాలనే పిల్లల ముందు పెట్టి, వీటిలో తేడా ఏమిటో చెప్పమనండి. ఇంట్లో నిఘంటువు ఉంటే మొదటి అర్థం దగ్గరే ఆగకుండా కిందికి చదవడం, ఉదాహరణ వాక్యం దొరికేదాకా వెతకడం అలవాటు చేయండి. నోటుబుక్కులో ఒంటరి మాట రాయించే బదులు, అది కనబడిన వాక్యం మొత్తం రాయించండి. రోజుకొకటి చాలు. ఆరేడేళ్ళ పిల్లలకైతే అదీ అక్కర్లేదు, వింటే చాలు.

విదేశాల్లో పెరిగే మన పిల్లలకు ఇదే ఇబ్బంది తెలుగు మాట్లాడేటప్పుడు తిరగేసి వస్తుంది. అమ్మమ్మతో ఫోనులో "నా ముక్కు పరుగెత్తుతోంది" అంటే, అందరూ ఘొల్లున నవ్వితే, మర్నాటి నుంచి ఆ పిల్లాడు తెలుగులో నోరు విప్పడు. "కారుతోందా నాన్నా? అయ్యో!" అనండి. సరైన మాట ఆ పలకరింపులోనే అందుతుంది.

ఈసారి మీ పిల్లలు ఇలాంటి మాట దగ్గర తడబడితే, అర్థం చెప్పే ముందు "ఏది రన్ అవుతోంది?" అని అడిగి ఒక నిమిషం ఆగండి. సగం సార్లు జవాబు వాళ్ళ దగ్గరే ఉంటుంది. దయచేసి ఆ సున్నా కోసం పిల్లల్ని తిట్టకండి.