వయస్సు మళ్లినవారికి బృంద వ్యాయామము – అర్ధశక్తి నియమము

నేలపై చాప పరచుకొని కూర్చుండుట, పీట మీద కూర్చుండి భుజించుట, చేతి ఊత లేకుండ లేచి నిలుచుట – ఇవి ఒకప్పుడు మన ఇండ్లలో ఎవరును ప్రత్యేకముగా గమనింపని నిత్యకృత్యములు. నేడు 60 ఏండ్లు దాటినవారిలో అనేకులకు నేలపై కూర్చుండుట కష్టము. కూర్చున్న పిమ్మట లేచుట అంతకంటె కష్టము. వయస్సు వచ్చినది గదా, ఇది సహజమే యని సరిపెట్టుకొనుచున్నారు.

కాని ఈ బలహీనత కూర్చుండి లేచుటతో ఆగిపోవునది కాదు. స్నానాల గదిలో కాలు జారుట, తుంటి ఎముక విరుగుట, మంచము పట్టుట – ఈ మూడును ఒకదాని వెంట ఒకటి వచ్చుటను మనము ఎన్నో కుటుంబములలో చూచుచున్నాము. తడి నేలపై కాలు జారుట ఎవరికైనను జరుగవచ్చును. తూలిన శరీరమును నిలువరింపగల తొడబలము, తక్షణమే అడుగు మార్చగల చీలమండల చురుకుదనము ఉన్నవారు తరచుగా నిలద్రొక్కుకొందురు, లేనివారు పడిపోవుదురు. ఒకసారి పడినవారు భయముచేత నడక తగ్గింతురు. నడక తగ్గినకొలది బలము మరింత తగ్గును.

ఈ బలమును తిరిగి సంపాదించుకొనుట సాధ్యమే. అందులకు రెండు కావలెను: ఒకటి మితము, రెండవది తోడు. ఈ రెంటిని గూర్చిన పాఠమే ఈ వ్యాసము.

శాస్త్ర దృష్టి

శరీరమునకు స్థిరత్వమును, బలమును కలిగించు ఇష్టమైన దేహచేష్టయే వ్యాయామమని చరకుడు సూత్రస్థానము ఏడవ అధ్యాయములో నిర్వచించియున్నాడు. దానివలన శరీరము తేలికపడును, పని చేయు సామర్థ్యము పెరుగును, కష్టమునకు ఓర్చుకొను శక్తి కలుగును, జఠరాగ్ని వృద్ధి పొందును. అదే మితిమీరినచో బడలిక, ధాతుక్షయము, దప్పిక, దగ్గు, జ్వరము మున్నగునవి కలుగునని కూడ అక్కడనే హెచ్చరించినాడు.

వాగ్భటుడు అష్టాంగహృదయమున దినచర్యాధ్యాయములో బలవంతులును, స్నిగ్ధమైన ఆహారము తినువారును సైతము తమ శక్తిలో సగము మేరకే వ్యాయామము చేయవలెననియు, అదియు శీతకాలమునందును వసంతమునందును మాత్రమే యనియు, తక్కిన ఋతువులలో ఇంకను తగ్గింపవలెననియు నియమించినాడు. బాలురకు, వృద్ధులకు, వాతపిత్త రోగులకు, అజీర్ణము గలవారికి వ్యాయామము తగదన్నాడు.

ఇచ్చట పాఠకులకు సందేహము కలుగవచ్చును: వృద్ధులకు వ్యాయామమే కూడదన్నప్పుడు ఈ పాఠమెందులకు? వాగ్భటుడు వ్యాయామమును గూర్చి చెప్పునప్పుడు శరీరమునకు గట్టి ఆయాసమును కలిగించు పనిని ఉద్దేశించినాడు. కుస్తీ, సాము వంటివి వృద్ధులకు తగవనుటలో సందేహము లేదు. అయితే శరీరమును మిక్కిలి పీడింపని నడక ఆయుస్సును, బలమును, మేధను, అగ్నిని వృద్ధి చేయునని సుశ్రుతుడు చికిత్సాస్థానమున చెప్పినాడు. వయస్సు, బలము, శరీరము, దేశము, కాలము, ఆహారము – ఈ ఆరింటిని పరిశీలించిన పిమ్మటనే వ్యాయామము చేయవలెనన్న నియమమును గూడ ఆయన పెట్టినాడు. కనుక వృద్ధులు విడువవలసినది ఆయాసమును, చలనమును కాదు.

నేటి పరిశోధనలు

వయస్సుతో కండరములు క్షీణించుటకు 1989లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఇర్విన్ రోజెన్‌బర్గ్ ‘సార్కోపీనియా’ అను పేరు పెట్టినాడు. ఆ మరుసటి సంవత్సరము, 1990లో, బోస్టన్ నగరమున ఒక వృద్ధాశ్రమములో నివసించు సుమారు 90 ఏండ్ల వయస్సు గలవారిచే పర్యవేక్షణలో 8 వారములపాటు తొడ కండరములకు బరువుతో వ్యాయామము చేయించిన పరిశోధన వెలువడినది. అభ్యాసము పూర్తి చేసినవారి తొడబలము సగటున రెట్టింపును మించి పెరిగినది. అనగా 90 ఏండ్ల కండరము కూడ పని చెప్పినచో బలపడును.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన సూచనల ప్రకారము 65 ఏండ్లు దాటినవారు వారమునకు 150 నుండి 300 నిమిషములు మధ్యరకపు శ్రమ చేయవలెను. కనీసము 2 దినములు కండరములను బలపరచు అభ్యాసములును, కనీసము 3 దినములు బలమును, నిలకడను కలిపి పెంచు అభ్యాసములును ఉండవలెను. కేవలము నడక చాలునని తలచువారు ఈ చివరి మాటను గమనింపవలెను. నడక మంచిదే, కాని కూర్చున్న చోటినుండి శరీరమును పైకెత్తు బలము నడక ఒక్కదానితో తగినంతగా రాదు.

అర్ధశక్తిని తెలిసికొనుట ఎట్లు?

ముక్కుతో సాగుచున్న శ్వాస చాలక నోటితో ఊపిరి తీయవలసి వచ్చుట అర్ధశక్తికి గుర్తని సుశ్రుతుడు చెప్పినాడు. నుదుటియందును, ముక్కుపైనను, కీళ్లయందును చెమట పట్టుట, నోరు ఎండుట కూడ సంప్రదాయము చెప్పు గుర్తులే. మన ప్రాంతమున వేసవిలో ఊరక కూర్చున్నను చెమట పట్టును గనుక చెమటకంటె శ్వాసయే నమ్మదగిన గుర్తు. నేటి వైద్యులు చెప్పు గుర్తు కూడ దీనికి దగ్గరగనే యున్నది: శ్రమ చేయునప్పుడు మాటలాడగలిగి పాట పాడలేకపోయినచో అది మధ్యరకపు శ్రమ. మాట కూడ తెగి తెగి వచ్చుచున్నచో వెంటనే తగ్గింపవలెను.

పదిమందితో కలిసి ఏల చేయవలెను?

ఒంటరిగా ఇంటిలో ప్రారంభించిన వ్యాయామము రెండు వారములలో మానుట సర్వసాధారణము. ఒక వేళకు ఒక చోట మరి పదిమంది ఎదురుచూచుచున్నారన్న మాట మనిషిని గడప దాటించును. జపాను దేశములో 1928లో రేడియో ద్వారా ప్రారంభమైన వ్యాయామము నేటికిని ఉదయము ఆరున్నరకు ప్రసారమగుచున్నది. ఆ వేళకు వృద్ధులు ఉద్యానవనములలో గుమిగూడి ఆ సంగీతమునకు అనుగుణముగా కదలుచుందురు. దాని బలమంతయు ఆ నియతకాలమునందును, ఆ తోడునందును ఉన్నది.

మనకు ఇది క్రొత్త కాదు. తెలంగాణమున బతుకమ్మ చుట్టు వలయముగా తిరుగుచు, వంగుచు, చప్పట్లు చరచు స్త్రీలలో పడుచులును, ముసలివారును కలిసియే యుందురు. కోలాటమున ప్రతి కోపులోను శరీరభారము ఒక కాలినుండి మరియొక కాలికి మారుచుండును, నడుము తిరుగును, భుజములు లేచును, కన్ను ఎదుటివాని కోలను గమనించుచుండగా పాదము తాళమును తప్పకుండ పడవలెను. తూలి పడకుండ నిలుచుటకు కావలసిన శిక్షణ ఇదియే.

అయితే బృందమునకు ఒక దోషము గలదు: పోటీ. ప్రక్కవారు ఇరువది మార్లు లేచినారని 70 ఏండ్ల వృద్ధుడు మోకాలి నొప్పిని దాచుకొని ఇరువది మార్లు లేచును. అక్కడ అర్ధశక్తి నియమము భంగమగును. కావున బృందమునందు అందరిలో నెమ్మదియైనవారి వేగమే అందరి వేగము కావలెను. లెక్కను బిగ్గరగా పలుకుచు చేసినచో మాట తెగుచున్నవారిని నడిపించువారు వెంటనే గుర్తింపగలరు.

సాధన క్రమము

8 నుండి 12 మంది, సరిసంఖ్యగా కూడవలెను. దేవాలయ ప్రాంగణము, పాఠశాల ఆవరణ, మిద్దె – చదునుగా, పొడిగా నున్న ఏ చోటైనను తగును. వారమునకు 3 దినములు, దినము విడిచి దినము, 45 నిమిషములు చాలును. చేతులు లేని గట్టి కుర్చీలను గోడకు ఆనించి వేయవలెను.

1. సిద్ధపరచుట (8 నిమిషములు): నిలిచిన చోటనే నెమ్మదిగా నడక, భుజములను చుట్టుట, కుర్చీలో కూర్చుండి చీలమండలను ఇరువైపుల త్రిప్పుట.

2. బలము (15 నిమిషములు): (అ) కుర్చీనుండి లేచుట – పాదములను భుజముల వెడల్పున ఉంచి, ముందునకు కొంచెము వంగి లేచి, నాలుగు లెక్కపెట్టుచు మెల్లగా కూర్చుండవలెను, 8 మార్లు. మొదటి రెండు వారములు చేతులను తొడలపై ఆనించుకొనవచ్చును. (ఆ) గోడ పట్టుకొని మడమలను ఎత్తి దించుట, 10 మార్లు. (ఇ) బారెడు దూరమున నిలిచి రెండు అరచేతులతో గోడను నెట్టుట, 8 మార్లు. (ఈ) కుర్చీ వీపును పట్టుకొని ఒక్కొక్క కాలిని ప్రక్కకు ఎత్తుట, 8 మార్లు. కొంత విశ్రమించి ఈ నాలుగింటిని మరల ఒకసారి చేయవలెను.

3. కోలాట వలయము (12 నిమిషములు): మొదటి రెండు వారములు కోలలు లేకుండ చప్పట్లతో, విలంబ తాళమున కుడికి రెండడుగులు, వెనుకకు ఒక అడుగు. మూడవ వారమునుండి కోలలు పట్టి జతలుగా ఆడవలెను. గెంతుట, గిరగిర తిరుగుట కూడదు.

4. నిలకడ (5 నిమిషములు): గోడ ప్రక్కన నిలిచి ఒక పాదపు మడమను రెండవ పాదపు వ్రేళ్లకు తాకించి, 10 లెక్కపెట్టువరకు నిలుచుట, తరువాత పాదములు మార్చుట.

5. ఉపశమనము (5 నిమిషములు): మెల్లని నడక, పిదప కూర్చుండి దీర్ఘశ్వాస.

ఐదవ వారమునుండి నిండు లీటరు నీళ్ల సీసాను రొమ్మునకు హత్తుకొని కుర్చీనుండి లేవవచ్చును. తొమ్మిదవ వారమునుండి, మోకాళ్లు ఒప్పుకొన్నవారు, ప్రక్కన ఒకరు నిలిచియుండగా, కుర్చీకి బదులు తక్కువ ఎత్తుగల బల్లపై అభ్యసింపవచ్చును. మోకాళ్ల నొప్పి గలవారు కుర్చీపై మడచిన దుప్పటి వేసి ఎత్తు పెంచుకొనవలెను. కండరముల నొప్పి రెండు దినములకు మించి నిలిచినచో తరువాతి పూట సగము మాత్రమే చేయవలెను.

ప్రగతిని కొలుచుటకు సులభమైన పరీక్ష యొకటి గలదు. చేతులను రొమ్మున కట్టుకొని 30 సెకండ్లలో కుర్చీనుండి ఎన్ని మార్లు పూర్తిగా లేచి నిలువగలరో లెక్కింపవలెను. అమెరికాలో వాడు కొలతల ప్రకారము 65 నుండి 69 ఏండ్ల పురుషులు 12కు, స్త్రీలు 11కు తక్కువ లేచినచో పడిపోవు ప్రమాదము ఎక్కువ. మీరు మొదటి దినమున ఎన్నియో వ్రాసియుంచుకొని, 12 వారముల పిదప మరల లెక్కించుకొనుడు. పోల్చుకొనవలసినది ప్రక్కవారితో కాదు, మీ మొదటి లెక్కతో.

అభ్యంగము, స్నానము, ఆహారము

గోరువెచ్చని నువ్వులనూనెతో అభ్యంగము వాతమును శమింపజేయును. అయితే నూనె అంటిన అరికాళ్లతో అభ్యాసమునకు గాని, స్నానాల గదికి గాని పోరాదు. పొడిగుడ్డతో అరికాళ్లను గట్టిగా తుడిచి అడుగిడవలెను. అభ్యాసము ముగిసి చెమట ఆరిన పిమ్మట మృదువుగా మర్దన చేసికొని, పెసరపిండితో నలుగు పెట్టుకొని, గోరువెచ్చని నీటితో స్నానము చేయవలెను. తలకు వేడినీరు పోయరాదని వాగ్భటుని మాట. ఒళ్లు నొప్పులు గలవారు వావిలాకు వేసి కాచిన నీటిని స్నానమునకు వాడుట మన ఇండ్లలోని పాత అలవాటు.

ఆహారము లేక కండరము పెరుగదు. వృద్ధులలో అనేకులు చారన్నము, మజ్జిగన్నములతో సరిపెట్టుకొందురు. రోజుకు శరీర బరువులో కిలోకు 1 నుండి 1.2 గ్రాముల మాంసకృత్తులు వృద్ధులకు అవసరమని నేటి పోషకాహార నిపుణుల సూచన. 50 కిలోల వ్యక్తికి ఇది 50 నుండి 60 గ్రాములు. పప్పు, పెసలు, మినుములు, సెనగలు, పాలు, పెరుగు, అలవాటున్నవారికి గ్రుడ్లు, చేపలు ప్రతి పూట కొంత ఉండవలెను. జీర్ణశక్తి బాగున్నవారికి నువ్వుల చిమ్మిలి మంచిది. మధుమేహులు మాత్రము మానవలెను. మూత్రపిండముల వ్యాధి గలవారు పప్పు దినుసులను పెంచుటకు ముందు వైద్యుని అడుగవలెను.

జాగ్రత్తలు

గుండెజబ్బు, అదుపులో లేని రక్తపోటు, ఇటీవలి శస్త్రచికిత్స, ఎముక విరుగుట, వాచిన కీళ్లు గలవారు వైద్యుని అనుమతి లేక ప్రారంభింపరాదు. జ్వరము, అజీర్ణము ఉన్న దినమున విశ్రాంతియే ఔషధము. భోజనమైన రెండు గంటలలోపు చేయరాదు. ఇన్సులిన్ గాని, మధుమేహ మాత్రలు గాని వాడువారు పరగడుపున రాక, ముందుగా కొంచెము ఫలహారము తీసికొనవలెను. చక్కెర దగ్గర నుంచుకొనవలెను. ఎదలో నొప్పి, తల తిరుగుట, విపరీతమైన ఆయాసము కలిగినచో వెంటనే ఆపి, తగ్గనిచో ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. వేసవిలో సూర్యోదయమునకు ముందే ముగించి, శ్రమను మూడవ వంతుకు తగ్గించుట మేలు.

బృందమునకు చివరి నియమము ఒకటి. ఎవరైనను వరుసగా రెండు పూటలు రానిచో మూడవ దినమున ఒకరు వారి ఇంటికి పోయి పలుకరింపవలెను. జబ్బుపడినవారికి అది ఊరట. బద్ధకించినవారికి అది పిలుపు. ఊరికొక వలయము, వీధికొక వలయము ఇట్లు నిలిచినచో, మన పెద్దలలో అనేకులు ఊత లేకుండ లేచి తమ పనులు తామే చేసికొనగల దినములు పెరుగును.