డేస్కాలరును బోర్డింగు విద్యార్థియు: జార్జిటౌన్ పాఠశాల చరిత్రము

ప్రతి సంవత్సరము జూన్ మాసమున పాఠశాల తెరచిన మొదటి వారములో మా కార్యాలయపు గడపయొద్ద ఒక చిన్న కలహము జరుగుచుండును. బోర్డింగు బాలుని తండ్రి, "నేనింత సొమ్ము చెల్లించుచున్నాను గదా, డేస్కాలరునకు చెప్పు చదువే నా కుమారునకును చెప్పుచున్నారేమి?" అని యడుగును. డేస్కాలరు తండ్రి, "మా వాడు మీ యన్నము తినడు, మీ దీపము క్రింద చదువడు; మాకు ఫీజేల?" అనును. ఈ రెండు ప్రశ్నలకును మా గుమాస్తాగారు చెప్పు సమాధానమొక్కటే: రసీదు.

కలహము చిన్నదే గాని ప్రశ్న చిన్నది కాదు. చదువునకు వెల యెవరు చెల్లించవలెను? అన్నమునకు వెలయు చదువునకు వెలయు ఒక్కటియేనా? ఈ ప్రశ్నలవలన ఒక పాఠశాల మూతపడినది. మరియొకచోట ఇంతకంటె ఘోరమైన కార్యము జరిగినది. ఆ వృత్తాంతమును పై తరగతుల విద్యార్థులు తెలిసికొనదగును.

యేసుసభను స్థాపించిన లొయోలా ఇగ్నేషియసుగారు, తమ సభ గురువులు విద్యాదానమునకు ప్రతిఫలము గైకొనరాదని నిబంధన యేర్పరచిరి. 1548వ సంవత్సరమున సిసిలీ ద్వీపమందలి మెస్సీనా పట్టణమున బయటి బాలురకై వారి పాఠశాల వెలసెను. 1551లో రోమాపురమున తెరచిన పాఠశాల ద్వారముపై చదువు ఉచితమని వ్రాయించిరి. మరి ఉపాధ్యాయులు తినుటెట్లు? రాజులును, నగరములును, ధనికులును భూములిచ్చి పోషించిరి. మన దేశమున అగ్రహారములును మాన్యములును పండితులను పోషించినట్లే యనుకొనుడు. బాలుడు ఉదయమున ఇంటినుండి వచ్చును, సాయంకాలము ఇంటికి పోవును, ఫీజు లేదు. బోర్డింగు నడుపుట ఆ గురువుల మొదటి సంకల్పము కాదు. బాలురకు అన్నము పెట్టుట, జ్వరము వచ్చినపుడు కాచుకొనుట, రాత్రి దీపములార్పించుట, ఇవి బోధనాకాలమును హరించునని వారు వెనుదీసిరి. (ఒక్క వర్షకాలము వార్డెనుగా గడపినవారికి వారి భయము చక్కగ బోధపడును.)

అయినను ఇంగ్లీషు కథోలిక బాలుర విషయమున వారికి వేరు గతి లేకపోయెను. ఎలిజబెత్తు రాణి కాలమున ఆ దేశమున కథోలిక విద్య నిషిద్ధము. కాబట్టి 1593లో రాబర్టు పార్సన్సు అను గురువు సముద్రమునకావల సెంట్ ఓమెరు పట్టణమున ఇంగ్లీషు బాలురకై పాఠశాల నెలకొల్పెను. ఇల్లు సముద్రమునకీవల, బడి ఆవల. బోర్డింగు తప్పదు గదా. అన్నవస్త్రములకు తలిదండ్రులు సొమ్ము పంపిరి.

అమెరికాలోని మేరీలాండు వలసరాజ్యమునకును ఈ గతియే పట్టెను. 1704 నాటి చట్టము కథోలికులు బడి నడుపుటనే గాక, బాలురను తమ యింట నుంచుకొని పోషించి చదివించుటను గూడ నిషేధించినది. అందుచేత 1748లో జాను కారల్ అను బాలుడు పండ్రెండు పదుమూడేండ్ల ప్రాయమున ఓడ నెక్కి సెంట్ ఓమెరునకు పోయెను. తల్లిని విడిచి పోయిన ఆ పిల్లవాడు స్వదేశమునకు తిరిగి వచ్చునప్పటికి దాదాపు నలువదేండ్లవాడు. ఆయన తరువాత సంయుక్త రాష్ట్రములకు మొదటి కథోలిక పీఠాధిపతి యయ్యెను. తన దేశపు బాలురు చదువునకై సముద్రము దాటనక్కరలేకుండ 1789లో పోటోమాకు నదీతీరమున జార్జిటౌన్‌లో విద్యాలయమును స్థాపించెను. సర్వమతముల బాలురకును అందు ప్రవేశము గలదని మొదటనే ప్రకటించుట ఆయన ఘనత. 1791లో చేరిన మొదటి విద్యార్థి విలియం గాస్టన్ పదుమూడేండ్ల బాలుడు. తరువాత ఉత్తర కరొలైనా రాష్ట్రమున ఉన్నత న్యాయాధిపతి యయ్యెను. నాడు హైస్కూలనియు కాలేజియనియు వేర్వేరు గోడలు లేవు. చిన్నవారు పెద్దవారు ఒక్క కప్పు క్రిందనే యుండిరి.

ఇచట పై ప్రశ్న తిరిగి వచ్చినది. బోర్డింగు బాలునియొద్ద అన్నమునకును గదికిని సొమ్ము పుచ్చుకొనవచ్చును. డేస్కాలరు తినునది లేదు, పుచ్చుకొనునది చదువొక్కటే. చదువు అమ్మరాదు. కాబట్టి అతనియొద్ద కాసైనను తీసికొనరాదు. 1821లో యేసుసభవారు వాషింగ్టను నగరము నడుమ డేస్కాలర్లకై ఒక పాఠశాల తెరచిరి. పిల్లలు వచ్చిరి, సొమ్ము రాలేదు. ఐరోపాయందువలె మాన్యములిచ్చు రాజులు అమెరికాలో లేరు. ఫీజు కూడదను నియమమునకును కట్టెలకును రొట్టెకును కావలసిన ఖర్చునకును నడుమ నలిగి, 1827లో సభవారు దానిని విడిచిరి. 1833లో పోపు పదునారవ గ్రెగొరీ ఫీజు గైకొనుటకు సెలవిచ్చిరి. 1848లో ఆ పాఠశాల వారిచేతనే తిరిగి తెరువబడినది. గొన్జాగా హైస్కూలను పేర నేటికిని డేస్కాలర్లకే చదువు చెప్పుచున్నది.

1827, 1833. విద్యార్థులారా, ఈ రెండు సంవత్సరముల ప్రక్కన మూడవ సంవత్సరమొకటి వ్రాసికొనుడు: 1838.

మాన్యములిచ్చు రాజులు లేరంటిని. మాన్యములు లేకపోలేదు. మేరీలాండు గురువులకు విస్తారమైన పొగాకు తోటలును ధాన్యపు పొలములును ఉండెను. వారి మిషను ఖర్చులకు అవియే ఆధారము. ఆ పొలములను దున్నినవారు జీతగాండ్రు కారు; బానిసలు. వారును జ్ఞానస్నానము పొందిన కథోలికులే. గురువులచేత సత్ప్రసాదము స్వీకరించినవారే. విద్యాలయములో వంటకును చాకిరికిని కూడ బానిసలుండిరి. ఉచితమను మాటను మేము తరగతిలో గొప్పగా చెప్పుదుము. ఆ మాటకు వెనుక ఎవరి చెమట యున్నదో చూడక చెప్పుట సగము పాఠమే.

1830 ప్రాంతమున విద్యాలయాధ్యక్షుడు థామసు ముల్లెడీ పెద్ద భవనములు కట్టించి అప్పులు చేసెను. పొలములపై ఆదాయమును సన్నగిల్లెను. ఆయన మేరీలాండు యేసుసభకు పెద్దయై, 1838 జూన్ మాసమున 272 మంది బానిసలను లూసియానా రాష్ట్రమునకు చెందిన ఇద్దరు కొనుగోలుదారులకు 1,15,000 డాలర్లకు విక్రయించుటకు ఒడంబడిక వ్రాసెను. అందు ముదుసలులున్నారు, చంటిబిడ్డలున్నారు. రోమాపురియందలి సభాధిపతి రూథాన్‌గారు సెలవిచ్చుచు కొన్ని షరతులు పెట్టిరి: కుటుంబములను విడదీయరాదు, వారి మతాచారమునకు ఆటంకము కలుగరాదు, ఆ సొమ్ము అప్పులు తీర్చుటకు వాడరాదు. షరతులు నిలువలేదు. మొదటి వాయిదాగా వచ్చిన సొమ్ములో 17,000 డాలర్లు విద్యాలయపు అప్పునకే పోయినవి. ముల్లెడీని మరుసటి యేట పదవినుండి తొలగించిరి. పోయినవారు తిరిగి రాలేదు.

షరతులు పెట్టినవారు మంచివారని వాదించువారు గలరు. నా బుద్ధికి తోచినది వేరు. మనిషిని అమ్ముటకు ఒప్పుకొన్న పిమ్మట ఆ సొమ్మును ఏ పద్దున వ్రాయవలెనని విచారించుట లెక్కలమాస్టరు పని. గురువు పని కాదు. నేనును లెక్కలు చెప్పినవాడనే కాబట్టి ఈ మాట యనుచున్నాను.

తరువాతి సంగతి క్లుప్తము. హైస్కూలు శాఖ 1919లో కాలేజినుండి విడివడి మేరీలాండులో సుమారు తొంబది యెకరముల స్థలమునకు తరలినది. 1927లో పాలనమునందును వేరయ్యెను. జార్జిటౌన్ ప్రిపరేటరీ స్కూలని దాని పేరు. బాలురకు మాత్రమే ప్రవేశము. బోర్డింగు విద్యార్థులకంటె డేస్కాలర్లే యెక్కువ. ఇరువురును ఫీజు చెల్లింతురు, బోర్డింగువారు హెచ్చుగా చెల్లింతురు.

వాషింగ్టను పాఠశాల మూతపడిన 1827లోనే జార్జిటౌన్‌లో మరియొక పాఠశాల పెరిగినది. దానిని మీరు ఏ పాఠ్యపుస్తకమునందును చదివియుండరు. ఆన్ మేరీ బిక్రాఫ్టు అను నల్లజాతి యువతి, స్వతంత్రురాలు, కథోలికురాలు, 1820లో పదునైదేండ్ల ప్రాయమున తన జాతి బాలికలకు చదువు చెప్ప నారంభించెను. ఏడేండ్లకు అక్కడి విచారణగురువు సహాయమున పెద్ద యింటిలో పాఠశాల పెట్టెను. ముప్పది ముప్పదియైదుగురు బాలికలు, డేస్కాలర్లును బోర్డింగువారును కలసియే చదివిరి. ఆమెకు పొలములు లేవు, బానిసలు లేరు. 1831లో బాల్టిమోరు నగరమున నల్లజాతి కన్యస్త్రీల మఠమున చేరి, 1833లో ఇరువదియెనిమిదేండ్లకే గతించెను.

2017వ సంవత్సరము ఏప్రిలు 18వ తేదీన జార్జిటౌన్ విశ్వవిద్యాలయమును యేసుసభవారును ఆ 272 మంది వంశీకుల సమక్షమున క్షమాపణ వేడిరి. ముల్లెడీ పేరు గల భవనమునకు ఆ పేరు తీసివేసి ఐజాకు హాకిన్సు భవనమని పేరిడిరి. దాని సమీపమందలి మరియొక భవనమునకు ఆన్ మేరీ బిక్రాఫ్టు పేరు పెట్టిరి. హాకిన్సు ఏ బడిలోను చదువలేదు, ఏ బడికిని మాన్యమీయలేదు. 1838 నాటి విక్రయపు జాబితాలో మొదటి పేరు ఆయనది. ప్రక్కన వయస్సు అరువదియైదని వ్రాసియున్నది.