రకం తేలాకే మందు

కాకినాడ,
నవంబరు 16

అమ్మలూ,

నువ్వు పంపిన ఫోటోలన్నీ చూశాను. దువ్వెనలో చిక్కు, బాత్‌రూమ్ జాలీ మీద ఉండ, నీ పాపట. ఆ క్లినిక్‌వాళ్లు చెప్పిన ఆరు నెలల ప్యాకేజీకి డబ్బు కట్టెయ్యనా అని అడిగావు. కట్టకు. నీ తల చూసినావిడ తెల్లకోటు వేసుకుందే గాని డాక్టరు కాదని నువ్వే రాశావు. మొన్న నీకొచ్చిన జ్వరం సంగతి కూడా అడగలేదట. జుట్టు ఊడటంలో చాలా రకాలున్నాయే. కొన్నిటికి మందే అక్కర్లేదు. కొన్నిటికి ఏళ్ల తరబడి వాడాలి. ఒకటి రెండు రకాల్లో ఆలస్యం చేస్తే పోయిన జుట్టు ఇక రాదు. అందుకే రకం తేలాకే మందు. చర్మవైద్యంలో ఉన్నన్నాళ్లూ రోగులకు ఇదే చెప్పాను, నీకూ ఇదే చెబుతున్నాను.

ముందు మామూలు లెక్క తెలుసుకో. మన తలమీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కో వెంట్రుక రెండు నుంచి ఆరేళ్లపాటు పెరుగుతుంది, రెండు మూడు వారాల్లో దాని కుదురు కుంచించుకుపోతుంది, ఆపైన మూడు నెలలు విశ్రాంతి తీసుకుని రాలిపోతుంది. ఏ రోజు చూసినా నూటికి ఎనభై అయిదు, తొంభై పెరిగే దశలోనే ఉంటాయి. మిగతావాటిలోంచి రోజుకు యాభై నుంచి వంద రాలితే అది జబ్బు కాదు. నాలుగు రోజులకోసారి తలంటుకుంటే ఆ నాలుగు రోజులవీ ఒక్కసారే చేతికొస్తాయి, గుండె గుభేలుమంటుంది.

నీకు ఆగస్టులో డెంగీ వచ్చింది. జుట్టు ఊడటం అక్టోబరు చివర్లో మొదలైంది. ఈ రెండు తేదీలు పక్కపక్కన పెట్టుకుంటే సగం విషయం తెలిసిపోతుంది. ఒంటికి పెద్ద దెబ్బ తగిలినప్పుడు పెరగాల్సిన వెంట్రుకలు చాలావరకు ఒక్కసారే విశ్రాంతిలోకి వెళ్లిపోతాయి. అవన్నీ రెండు మూడు నెలల తర్వాత మూకుమ్మడిగా రాలతాయి. దీన్ని టెలోజెన్ ఎఫ్లూవియం అంటాం. టైఫాయిడ్ వచ్చినవాళ్లకి, బాలింతలకి, పెద్ద ఆపరేషన్ అయినవాళ్లకి, ఒక్క నెలలో పది కిలోలు తగ్గాలని తిండి మానేసినవాళ్లకి ఇదే జరుగుతుంది. 2021లో కోవిడ్ తగ్గాక ఎంతమంది ఇలా బెంబేలెత్తారో నీకూ గుర్తుండే ఉంటుంది.

రాలిన వెంట్రుకల్లో పొడవైనదాన్ని తెల్లకాగితం మీద వేసి, కిటికీ వెలుగులో రెండు కొసలూ చూడు. ఒక కొసన సూదిమొనంత తెల్లటి బుడిపె కనిపిస్తే ఆ వెంట్రుక ఆయుష్షు తీరి కుదురు నుంచి ఊడింది. బుడిపె లేకుండా రెండు కొసలూ తెగినట్టుంటే మధ్యలో విరిగిందని అర్థం. స్ట్రెయిటెనింగు, రంగులు, తడిజుట్టు దువ్వడం చేసే పని అది. హాస్టల్లో బోరునీళ్లని తిట్టుకున్నావు. ఉప్పునీళ్లకి జుట్టు గరుకెక్కుతుంది, విరుగుతుంది కూడా, అంతేగాని కుదురు చావదు. నీవాటికి బుడిపెలే ఉంటాయని నా అనుమానం. పాలపన్ను ఊడితే కింద కొత్త పన్ను సిద్ధంగా ఉన్నట్టే, ఇక్కడా కుదురు బతికే ఉంటుంది. చాలామందికి ఆరు నెలల్లో రాలడం సర్దుకుంటుంది. జుట్టు నెలకి ఒక సెంటీమీటరే పెరుగుతుంది కాబట్టి నీ జడ మునుపటంత లావు కావడానికి ఏడాది పైనే పడుతుంది.

ఆరు నెలలైనా తగ్గకపోతే, లేదా నెలసరి ఎక్కువగా అవుతుంటే, రక్తపరీక్ష తప్పదు. హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి ఊరుకోవద్దు, ఫెరిటిన్ కూడా చూడాలి. ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పేది అదే. థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్. పొద్దున టిఫిను ఎగ్గొట్టి మధ్యాహ్నం చారన్నంతో సరిపెట్టుకునే నీలాంటివాళ్లకి మాంసకృత్తులు చాలవు. గుడ్డో పప్పో పెరుగో పూటపూటా ఉండాలి. నువ్వు తింటున్న బయోటిన్ గమ్మీలు మానెయ్. బయోటిన్ లోపం చాలా అరుదు. పైగా అది ఎక్కువ మోతాదులో ఉంటే థైరాయిడ్ పరీక్ష, గుండెపోటుకి చేసే ట్రోపోనిన్ పరీక్ష తప్పుగా రావచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది.

ఇక బట్టతల. మా నాన్నదీ మీ నాన్నదీ బట్టతలే, మీ అన్నయ్యకీ కణతల దగ్గర మొదలైందని వాడే చెప్పాడు. ఇది అమ్మ వైపు నుంచే వస్తుందని అంటారుగాని, రెండు వైపుల నుంచీ వస్తుంది. టెస్టోస్టిరాన్ నుంచి తయారయ్యే డీహెచ్‌టీ అనే హార్మోను వల్ల నుదురు, నడినెత్తి కుదుళ్లు ఏటికేడాది చిక్కిపోతాయి. లావు వెంట్రుక సన్నబడి చివరికి నూగులా మారుతుంది. చిన్నతనంలోనే వృషణాలు తీసేసిన మగవాళ్లకి బట్టతల రాదని 1942లో హామిల్టన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త చూపించాడు. హార్మోను పాత్ర అలా తేటతెల్లమైంది. ఆడవాళ్లలో నుదురు వెనక్కి పోదు, పాపట వెడల్పవుతుంది. నీ ఫోటోలో నడినెత్తి పాపట ఒక్కటే ఉంది. తల వెనుక కూడా పాపట తీసి రెండూ పోల్చు. రెండూ ఒకే వెడల్పుంటే భయం లేదు. ముందుది బాగా వెడల్పుగా ఉండి, నెలసరి తప్పుతూ, గడ్డం కింద వెంట్రుకలు వస్తుంటే పీసీఓఎస్ ఉందేమో చూపించుకోవాలి.

బట్టతలకి గట్టి ఆధారమున్న మందులు తక్కువే. మినాక్సిడిల్ మొదట రక్తపోటు మాత్ర. అది వాడినవాళ్లకి ఒళ్లంతా వెంట్రుకలు రావడం గమనించి తలకి రాసే మందుగా మార్చారు, 1988లో అమెరికాలో అనుమతి వచ్చింది. మొదలెట్టిన కొన్ని వారాలు జుట్టు ఇంకా ఎక్కువ రాలుతుంది, ఆ దెబ్బకి చాలామంది మానేస్తారు. మందు పనిచేస్తోందనడానికి గుర్తే అది. ఫలితం కనబడటానికి నాలుగైదు నెలలు పడుతుంది. మానేస్తే కొన్ని నెలల్లో పాత కథే. గర్భిణులు వాడకూడదు. ఇంట్లో పిల్లి ఉంటే దాని ఒంటికి తగలనివ్వకూడదు, దానికి విషం. రెండోది ఫినాస్టెరైడ్, మగవాళ్లకి రోజుకో మిల్లీగ్రాము మాత్ర. కొద్దిమందికి కోరిక తగ్గడం, మనసు దిగులుగా ఉండటం జరుగుతుంది కాబట్టి మీ అన్నయ్య డాక్టరుతో మాట్లాడాకే మొదలెట్టాలి. గర్భిణులు విరిగిన మాత్రని ముట్టుకోనుకూడదు, మగబిడ్డ జననాంగాల ఎదుగుదల దెబ్బతింటుంది. జుట్టు నాటించుకోవడమంటే తలవెనక కుదుళ్లు తీసి ముందు పెట్టడమే. అవి డీహెచ్‌టీకి లొంగవు కాబట్టి నాటిన చోటా నిలుస్తాయి. కానీ చుట్టూ ఉన్న పాత జుట్టు పోతూనే ఉంటుంది, మందు ఆపడానికి లేదు. కత్తి పట్టేది ఎవరో, వాళ్ల చదువేమిటో అడగందే ఆ బల్లమీద పడుకోవద్దని వాడికి చెప్పు.

జుట్టు ఊడే రకాల్లో మూడోది పేనుకొరుకుడు. రూపాయి బిళ్లంత మేర నున్నగా అయిపోతుంది. పేనూ కొరకదు, పురుగూ కొరకదు. మన రోగనిరోధక శక్తే కుదుళ్ల మీద తిరగబడుతుంది. ఒకసారి ఎనిమిదేళ్ల పిల్లవాణ్ని తీసుకొచ్చారు. నాయనమ్మ గురివింద గింజలు నూరి ఆ మచ్చ మీద రుద్దింది. మచ్చ చుట్టూ చర్మం పొంగి బొబ్బలెక్కింది, చీము కారుతోంది. భూతద్దంలో చూస్తే అంచున వెంట్రుకలు పైన లావుగా, మొదట్లో సన్నగా ఆశ్చర్యార్థకంలా నిలబడి ఉన్నాయి. అదీ పేనుకొరుకుడు గుర్తు. ముందు పుండు మాన్పించి, తర్వాత పూతమందుతో జుట్టు తెప్పించాం. చిన్న మచ్చలు చాలావరకు వాటంతటవే నిండుతాయి, అందుకే గురివిందతో నయమవుతుందన్న పేరొచ్చింది. పెద్దవాళ్లకి మచ్చలోకి స్టిరాయిడ్ సూదిమందు నాలుగు నుంచి ఆరు వారాలకోసారి ఇస్తాం. తలంతా ఊడిపోయినవాళ్లకి 2022 నుంచి బారిసిటినిబ్ లాంటి మాత్రలొచ్చాయి, వాటిని డాక్టరు కనిపెట్టుకుని ఉండి వాడించాలి. పిల్లల తలమీద మచ్చలో పొట్టు, దురద ఉంటే అది తామర. పూతమందు ఒక్కటే చాలదు, వారాల తరబడి కడుపులోకి మందివ్వాలి.

నీకు ప్రత్యేకంగా చెప్పాల్సింది జడ గురించి. కూచిపూడి ప్రదర్శనకి సవరం, జడబిళ్లలు, పూలు కట్టి గంటల తరబడి లాగి ఉంచుతావు. ఆ బరువంతా నుదుటి అంచున, చెవుల పైన ఉన్న కుదుళ్లే మొయ్యాలి. అక్కడ పలచబడుతోందంటే ఆ లాగుడు వల్లే. తొలి రోజుల్లో ఆపితే తిరిగొస్తుంది, ఏళ్లు గడిస్తే రాదు. వేదిక మీద తప్పదు, రిహార్సలుకి ఎందుకు? మామూలు రోజుల్లో వదులు జడే వేసుకో.

అన్నిటికన్నా తొందరపడాల్సింది మచ్చకట్టే రకం. ఊడినచోట దురద, మంట, ఎర్రదనం ఉండి, చర్మం మెరుస్తూ రంధ్రాలు మూసుకుపోయి కనిపిస్తే కుదుళ్లు చచ్చిపోతున్నాయి. లూపస్, లైకెన్ ప్లానోపైలారిస్ లాంటి జబ్బులు దీనికి కారణం. చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తే తేలుతుంది. పోయింది రాదు, మిగిలింది కాపాడుకోవడమే వైద్యం. ఇలాంటి తలకి నూనెలు మారుస్తూ కూర్చుంటే ప్రతి నెలా నష్టమే.

మీ అమ్మ తిరుపతి మొక్కు గురించి ఫోన్ చేసింది. గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందంటోంది. కత్తి తెంచేది చర్మం పైనున్న వెంట్రుకని, కుదురు లోపల ఎప్పటిలాగే ఉంటుంది. తెగిన కొస మొద్దుగా ఉండి లావుగా అనిపిస్తుందంతే. స్వామికి మొక్కుకుంటే నిక్షేపంలా కళ్యాణకట్టకి వెళ్లి చెల్లించుకోండి, వైద్యం ఖాతాలో మాత్రం వెయ్యొద్దు. కొబ్బరినూనె రాసుకో, వెంట్రుక విరక్కుండా కాపాడుతుంది. కొత్త వెంట్రుకని మాత్రం మొలిపించదు.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది: నీ తిండి సరిగా లేదు కాబట్టి ఆరు నెలలు ఆగకుండా ఈ వారంలోనే హిమోగ్లోబిన్, ఫెరిటిన్, టీఎస్‌హెచ్ చేయించు. గమ్మీలు ఆపిన రెండు మూడు రోజుల తర్వాత వెళ్లు. నెలకోసారి అదే వెలుగులో, అదే చోట పాపట ఫోటో తీసి పెట్టుకో, దువ్వెనలో వెంట్రుకలు లెక్కపెట్టడం మానెయ్. ఫిబ్రవరికి కూడా రాలడం తగ్గకపోయినా, మచ్చలు పడినా, మాడు మండినా ప్యాకేజీల జోలికి పోకుండా సర్కారు పెద్దాసుపత్రిలో చర్మవ్యాధుల విభాగానికి వెళ్లు. అక్కడ క్యూలో నిలబడాలి, నిజమే. కానీ అక్కడ డాక్టరు ముందు నీ తల చూస్తాడు, తర్వాతే చీటీ రాస్తాడు. రిపోర్టులు రాగానే నాకు పంపు, ఇనుము మాత్రలు కావాలో అక్కర్లేదో అప్పుడు చెబుతాను.

ఇట్లు,
మీ పెద్దత్త